కోచ్ మారితే జట్టు మారుతుందా? అనంతపురం నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

మే

ఫుట్‌బాల్ జట్టు వరసగా ఓడిపోతే మొదట వేటు పడేది కోచ్ మీదే. పదకొండు మందిని ఒక్కసారిగా మార్చలేరు, ఒక్క మనిషిని మార్చడం సులువు. ఆ తర్వాత జట్టు నాలుగు మ్యాచ్‌లు గెలిచిందంటే చాలు, "చూసినారా, ఆయన్ని తీసేసినందుకే" అనే మాట ఖాయం. ఈ మాటలో నిజమెంత? గెలుపోటముల్లో కోచ్ వాటా ఎంత, ఆటగాళ్లది ఎంత, డబ్బుది ఎంత, అదృష్టానిది ఎంత? వేసవి సెలవుల్లో ఈ లెక్క మొదలుపెట్టాను. పని ఎంతవరకు వచ్చిందో ఇక్కడ రాసుకుంటూ పోతాను.

నేను డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెబుతాను. ఫుట్‌బాల్ అంటే చిన్నప్పటి నుంచి ప్రాణం. అనంతపురంలో అది వింతేమీ కాదు. ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వాళ్ల స్పోర్ట్స్ విలేజ్ వచ్చాక పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు కూడా బూట్లు కట్టుకుని మైదానంలోకి దిగడం మా ఊరికి అలవాటైపోయింది. మా అక్క కొడుకు కూడా ఒక అండర్-14 జట్టులో లెఫ్ట్ బ్యాక్ ఆడతాడు. ఏ జట్టో చెప్పను, అవసరం లేదు. పోయిన సీజన్ మధ్యలో వాళ్ల కోచ్‌ను తప్పించారు. వరసగా ఓడిపోవడమే కారణం. కొత్తాయన వచ్చాక గెలుపులు మొదలయ్యాయి. అక్కడితో ఆగకుండా, పాతాయనకు ఆటే తెలియదన్నట్టు జట్టు పెద్దలు నలుగురిలో మాట్లాడారు. ఆ పిల్లలకు బంతిని ఛాతీతో ఆపడం, ఎడమకాలితో పాస్ ఇవ్వడం నేర్పింది ఆయనే. నాకు చాలా బాధేసింది.

మా మేనల్లుడు కూడా ఇంట్లో అదే పాట. "మామా, ఈ సార్ వచ్చినంక గదా గెలుస్తాండేది. ఆ సార్ ఉంటే ఓడిపోతాంటిమి."

"గెలుస్తాండారు సరేప్పా. ఆ సారే ఉండుంటే గెలిచేవాళ్లు కాదని ఎట్ల తెలుసు?"

వాడి దగ్గర జవాబు లేదు. ఆ రోజుకు నా దగ్గరా లేదు.

మన జిల్లా లీగుల రికార్డులు ఇలాంటి పనికి సరిపోవు. మ్యాచ్‌లు తక్కువ, స్కోర్లు కూడా అన్నీ దొరకవు. అందుకే ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌ను తీసుకున్నాను. 20 జట్లు, ఒక్కో జట్టుకు 38 మ్యాచ్‌లు, సీజన్‌కు మొత్తం 380. ప్రతి మ్యాచ్ స్కోరూ ఫైళ్ల రూపంలో ఉచితంగా దొరుకుతుంది. ఆ ఫైళ్లలో లేనిది ఒక్కటే, ఆ రోజు బెంచ్ మీద ఏ మేనేజర్ (అక్కడ కోచ్‌ను అలా అంటారు) కూర్చున్నాడన్నది. ఆ కాలమ్ చేత్తో నింపుతున్నాను, మేనల్లుడు పక్కన కూర్చుని తేదీలు చదువుతున్నాడు.

విసుగు పుట్టించే పనే, అయినా అసలు చిక్కులు అక్కడే బయటపడుతున్నాయి. 2022 అక్టోబర్‌లో ఆస్టన్ విల్లా స్టీవెన్ జెరార్డ్‌ను తీసేసింది. ఉనాయ్ ఎమెరీ నవంబర్‌లో వచ్చాడు. మధ్యలో ఆరన్ డ్యాంక్స్ తాత్కాలికంగా నిలబడ్డాడు. ఆయన కింద బ్రెంట్‌ఫర్డ్ మీద 4-0తో గెలిచారు, వెంటనే న్యూకాజిల్ చేతిలో అదే 4-0తో ఓడారు. ఆ 3 పాయింట్లు ఎవరి ఖాతాలో వేయాలి? తాత్కాలిక కోచ్‌ల మ్యాచ్‌లన్నీ కొత్తవాళ్ల ఖాతాలో పడకుండా వేరే రంగు వేసి పక్కన పెడుతున్నాను.

జూన్ మొదట్లో

మొదటి పట్టికలు వచ్చాయి. మ్యాచ్‌కు సగటున ఎన్ని పాయింట్లు అన్నదే కొలత. గెలిస్తే 3, డ్రా అయితే 1.

చెల్సీ 2014-15లో 87 పాయింట్లతో చాంపియన్. మేనేజర్ జోసే మొరీన్యో. మరుసటి సీజన్‌లో అదే మేనేజర్, దాదాపు అదే జట్టు 16 మ్యాచ్‌ల్లో 15 పాయింట్లే తెచ్చి 16వ స్థానానికి జారింది. డిసెంబర్‌లో మొరీన్యోను పంపించేశారు. మిగతా 22 మ్యాచ్‌ల్లో 35 పాయింట్లు వచ్చాయి. 0.94 నుంచి 1.59కి.

లెస్టర్ సిటీది ఇంకా పెద్ద కథ. క్లాడియో రనియేరి కింద 2015-16లో 81 పాయింట్లతో టైటిల్ కొట్టింది. తర్వాతి సీజన్‌లో 25 మ్యాచ్‌ల్లో 21 పాయింట్లు. 2017 ఫిబ్రవరిలో, టైటిల్ గెలిచి ఏడాది కూడా నిండకముందే, రనియేరి ఉద్యోగం పోయింది. క్రెయిగ్ షేక్‌స్పియర్ వచ్చీ రాగానే వరసగా 5 లీగ్ మ్యాచ్‌లు గెలిచాడు. మిగిలిన 13 మ్యాచ్‌ల్లో 23 పాయింట్లు. 0.84 నుంచి 1.77కి.

ఇవి చూసి మేనల్లుడు ఎగిరి గంతేశాడు. "జూడు మామా, రెండింతలయింది!"

ఇంకో వరస కూడా చదవమన్నాను. ఆ షేక్‌స్పియర్‌నే 2017 అక్టోబర్‌లో తీసేశారు. కొత్త సీజన్‌లో 8 మ్యాచ్‌లకు 6 పాయింట్లే వచ్చాయి. ఫిబ్రవరిలో ఆయన చేతిలో ఏ మంత్రముంటే అక్టోబర్‌కు అది ఎక్కడికి పోతుంది?

మాంచెస్టర్ యునైటెడ్ 2018-19 దీనికన్నా స్పష్టంగా ఉంది. మొరీన్యో కింద 17 మ్యాచ్‌ల్లో 26 పాయింట్లు. డిసెంబర్‌లో ఆయన పోయి ఓలే గున్నార్ సోల్షేర్ తాత్కాలికంగా వచ్చాడు. మొదటి 12 లీగ్ మ్యాచ్‌ల్లో 10 గెలుపులు, 2 డ్రాలు. అంటే 32 పాయింట్లు. మార్చి చివర్లో ఉద్యోగం పక్కా చేశారు. ఆ తర్వాత మిగిలిన 8 మ్యాచ్‌ల్లో 8 పాయింట్లే. మనిషి అదే, ఆటగాళ్లు అదే, డ్రెస్సింగ్ రూమ్ అదే. డిసెంబర్ నుంచి మార్చి వరకు మాత్రమే చూసినవాళ్లు మేధావి అన్నారు. ఏప్రిల్, మే మాత్రమే చూస్తే ఏమనాలి?

మా దగ్గర వాన బాగా పడిన ఏడు వేసిన శెనక్కాయ విత్తనానికే పేరంతా దక్కుతుంది. మేనేజర్ల పేరు ప్రతిష్ఠల్లో ఎంత భాగం అలా వచ్చిందో కొలవాలంటే ముందు వానను విడదీయాలి.

జూన్ చివర

ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే, కాబట్టి తీరిగ్గా రాస్తాను.

కోచ్ అనేవాడే లేని ఒక జట్టును ఎక్సెల్‌లో తయారుచేశాం. ఆ జట్టు బలం సీజనంతా ఒకేలా ఉంటుంది. ఏ మ్యాచ్‌లోనైనా గెలిచే అవకాశం 38 శాతం, డ్రా 26 శాతం, ఓటమి 36 శాతం. అంటే మ్యాచ్‌కు సగటున 1.4 పాయింట్లు, లీగ్ మధ్యలో ఉండే మామూలు జట్టు. ర్యాండ్ ఫంక్షన్ 0కీ 1కీ మధ్య ఒక సంఖ్య ఇస్తుంది. అది 0.38 కన్నా తక్కువైతే గెలుపు, 0.38 నుంచి 0.64 లోపైతే డ్రా, ఆ పైన ఓటమి. 38 వరసలు కిందికి లాగితే ఒక సీజన్ పూర్తి. ఎఫ్9 నొక్కితే ఇంకో సీజన్. మేనల్లుడు ఆ బటన్ వదల్లేదు. ఒక సీజన్‌లో జట్టు యూరప్ పోటీలకు వెళ్లేలా ఉంటుంది, నొక్కగానే కింది లీగ్‌కు జారిపోయేలా ఉంటుంది. జట్టు మాత్రం మారలేదు.

కాగితం మీద కూడా లెక్క చూసుకోవచ్చు. ఈ జట్టు మ్యాచ్ పాయింట్ల స్టాండర్డ్ డీవియేషన్, అంటే పాయింట్లు సగటుకు అటూ ఇటూ ఎంత ఊగుతాయో చెప్పే కొలత, సుమారు 1.31. దాన్ని 38 వర్గమూలంతో గుణిస్తే సీజన్‌కు సుమారు 8 పాయింట్లు. సగటు 53. కాబట్టి మూడింట రెండు సీజన్లలో ఈ జట్టుకు 45 నుంచి 61 మధ్య పాయింట్లు వస్తాయి. మిగతా సీజన్లలో అంతకన్నా తక్కువో ఎక్కువో. 45 వస్తే మేనేజర్ కుర్చీ కిందికి నీళ్లొస్తాయి, 61 వస్తే జీతం పెంచుతారు. తేడా అంతా ర్యాండ్ ఫంక్షన్‌ది.

ఇప్పుడు మేనేజర్ ఉద్యోగం పోయే పరిస్థితిని చూద్దాం. 5 మ్యాచ్‌ల్లో ఒక్క గెలుపూ లేదు, మహా అయితే 2 డ్రాలు. ఏదో ఒక ఐదు మ్యాచ్‌ల వరస తీసుకుంటే ఇలా జరిగే అవకాశం సుమారు 6 శాతం. చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ సీజన్‌లో అలాంటి ఐదేసి మ్యాచ్‌ల వరసలు 34 ఉంటాయి. అందువల్ల సగానికి పైగా సీజన్లలో ఎక్కడో ఒకచోట ఈ దుర్దశ తప్పకుండా వస్తుంది. ఏ తప్పూ చేయని జట్టుకు, సగానికి పైగా సీజన్లలో!

ఆ గుంటలో పడ్డ చోట షీట్‌లో ఎర్రగీత గీసి "కొత్త కోచ్ వచ్చాడు" అని రాశాం. ఆ కోచ్ చేసేది ఏమీ లేదు, అసలు ఆయన లేడు. తర్వాతి 5 మ్యాచ్‌ల సగటు 5 ఇంటూ 1.4, అంటే 7 పాయింట్లు. 2 పాయింట్లు లేదా ఇంకా తక్కువ దగ్గర ఉన్న జట్టు 7కి వెళ్లింది. పేపర్లో హెడ్డింగ్ ఏం పెడతారో మనకు తెలుసు.

దీని పేరు సగటు వైపు తిరోగమనం. 1880ల్లో ఫ్రాన్సిస్ గాల్టన్ తల్లిదండ్రుల ఎత్తు, పిల్లల ఎత్తు పోల్చి చూసినప్పుడు కనిపెట్టిన విషయం. చాలా పొడుగువాళ్ల పిల్లలు సగటున తల్లిదండ్రుల కన్నా కొంచెం పొట్టిగా ఉన్నారు. ఏటా తరగతిలో ఎత్తులతోనే చెబుతాను. ఈ ఏడాది నుంచి కోచ్‌లతో చెబుతాను, పిల్లలు మర్చిపోరు.

మేనల్లుడు ఆ ఎర్రగీతల వైపు చాలాసేపు చూసి, "అయితే మా పాత సార్ తప్పు లేదా మామా?" అన్నాడు. తప్పు లేదని ఈ షీట్ చెప్పదు. తప్పు ఉందనడానికి ఆ ఓటములు ఒక్కటే చాలవని చెబుతుంది. ఆ తేడా వాడికి అర్థమయ్యేదాకా కూర్చోబెట్టాను.

జూలై

ఎక్సెల్ జట్టు సరే, అసలు జట్ల సంగతి? గుంటలో పడినా కోచ్‌ను మార్చని జట్లతో పోల్చి చూడాలి. నెదర్లాండ్స్ ఆర్థికవేత్త బాస్ తెర్ వీల్ ఇదే చేశారు. 1986 నుంచి 2004 వరకు డచ్ లీగ్ మ్యాచ్‌లు తీసుకుని, కోచ్‌ను తీసేసిన జట్లనూ, అంతే దెబ్బతిన్నా కోచ్‌ను ఉంచుకున్న జట్లనూ పోల్చారు. రెండు రకాల జట్లూ కోలుకున్నాయి. మార్చినందువల్ల అదనంగా ఒరిగిందేమీ కనబడలేదు. ఆ పద్ధతినే నా షీట్లలో పెట్టి ప్రీమియర్ లీగ్ జంటలను వెతుకుతున్నాను.

దొరికిన జంటల్లో ఒకటి ఇక్కడ రాసి తీరాలి. ఒకవైపు 2022-23 ఆస్టన్ విల్లా. ఎమెరీ వచ్చేసరికి 13 మ్యాచ్‌ల్లో 12 పాయింట్లు. వచ్చాక 25 మ్యాచ్‌ల్లో 49. అంటే మ్యాచ్‌కు 1.96. సీజన్ చివరికి 61 పాయింట్లతో 7వ స్థానం. ఇంకోవైపు 2020-21 ఆర్సెనల్. డిసెంబర్‌లో 14 మ్యాచ్‌లకు 14 పాయింట్లు, 15వ స్థానం. మికెల్ ఆర్టెటాను తీసేయాలని అభిమానులు గోల చేశారు. క్లబ్ తీసేయలేదు. క్రిస్మస్ మరుసటి రోజు చెల్సీని 3-1తో ఓడించారు. మిగిలిన 24 మ్యాచ్‌ల్లో 47 పాయింట్లు. భాగిస్తే 1.96. సీజన్ చివరికి 61 పాయింట్లు.

కోచ్‌ను మార్చిన జట్టుకూ మార్చని జట్టుకూ మ్యాచ్‌కు అదే సగటు, సీజన్‌కు అవే పాయింట్లు. రెండు జట్లతో ఏదీ రుజువు కాదు. కానీ మార్పు వల్లే విల్లా లేచిందని చెప్పేవాళ్లు ఆర్సెనల్ ఎందుకు లేచిందో కూడా చెప్పాలి.

ఇక్కడే రెండో వైపు కూడా రాయాలి. లేకపోతే కోచ్ అనేవాడు అనవసరం అన్న అర్థం వస్తుంది, అది నేను నమ్మను. ఆర్టెటా చెల్సీ మ్యాచ్‌కు ఎమిల్ స్మిత్ రోను జట్టులోకి తెచ్చాడు. కుర్రాడు రావడంతో మిడ్‌ఫీల్డ్‌కూ స్ట్రైకర్‌కూ మధ్య తెగిపోయిన దారి కలిసింది. అది కోచ్ నిర్ణయం. ఆ తర్వాత సీజన్లలో ఆర్సెనల్ పాయింట్లు 69, 84, 89. ఎమెరీ విల్లా కూడా మరుసటి సీజన్ 68 పాయింట్లతో 4వ స్థానానికి వెళ్లింది. 5 మ్యాచ్‌ల ఊపు కాదిది, ఏళ్ల తరబడి ఎక్కిన మెట్లు. చెల్సీకి అంటోనియో కాంటె వచ్చినప్పుడు (2016-17) మొదటి 6 మ్యాచ్‌ల్లో 10 పాయింట్లే. ఆర్సెనల్ చేతిలో 3-0తో ఓడాక వెనక ముగ్గురు డిఫెండర్ల పద్ధతికి మారాడు, వరసగా 13 లీగ్ మ్యాచ్‌లు గెలిచాడు, 93 పాయింట్లతో టైటిల్. ఏ తేదీన ఏం మార్చాడో వేలు పెట్టి చూపించగలిగే ఉదాహరణలు చాలా అరుదు, ఇది ఒకటి.

అయినా ఆ చెల్సీలో ఇంకో కొత్త మనిషి ఉన్నాడు, ఆటగాడు ఎన్గోలో కాంటే (కోచ్ కాంటె వేరు). 2015 వేసవిలో ఫ్రాన్స్ నుంచి లెస్టర్‌కు వచ్చాడు, లెస్టర్ 41 నుంచి 81కి పోయింది. 2016లో చెల్సీకి వెళ్లాడు. లెస్టర్ 81 నుంచి 44కి పడింది, చెల్సీ 50 నుంచి 93కి ఎగబాకింది. రనియేరి గొప్పా, కోచ్ కాంటె గొప్పా అని వాదించే ముందు మిడ్‌ఫీల్డ్‌లో పరుగెత్తిన ఆ బక్క మనిషిని లెక్కలో వేయాలి.

డబ్బు సంగతి క్లుప్తంగా. ఇంగ్లిష్ క్లబ్బుల జీతాల బిల్లును లీగ్ స్థానాలతో పోల్చి ఆర్థికవేత్త స్టెఫాన్ షిమాన్‌స్కీ చాలాకాలం పనిచేశారు. కొన్నేళ్ల సగటు తీసుకుంటే స్థానాల తేడాల్లో సింహభాగం జీతాలతోనే తేలిపోతుంది. కోచ్‌కు మిగిలేది ఆ మిగతా ముక్క. నా షీట్‌లో జీతాల కాలమ్ ఇంకా ఖాళీగా ఉంది, క్లబ్బుల వార్షిక లెక్కల నుంచి నింపాలి.

ఇంకో జాగ్రత్త. ప్రత్యర్థి బలాన్నీ సొంత మైదానాన్నీ సర్దడానికి చదరంగంలో వాడే ఈలో రేటింగ్ పద్ధతి పెట్టాను. సొంత మైదానానికి కొన్ని పాయింట్లు కలపడం ఆనవాయితీ. కానీ 2020-21లో ప్రేక్షకులు దాదాపు లేని స్టేడియాల్లో సొంత జట్లు 144 మ్యాచ్‌లు గెలిస్తే బయటి జట్లు 153 గెలిచాయి. ఆ సీజన్‌కు ఆ అదనపు పాయింట్లు తీసేయాల్సి వచ్చింది. జనం అరుపులకు ఎంత విలువ ఉందో ఇంత బాగా చూపించే సంఖ్య నాకు ఇంకోటి దొరకలేదు.

జూలై చివర, మైదానం దగ్గర

సంఖ్యలు పక్కన పెట్టి మేనల్లుడి జట్టు ప్రాక్టీస్ దగ్గర నోట్‌బుక్‌తో కూర్చుంటున్నాను.

ఆషాఢం గాలి. అనంతపురం వాళ్లకు చెప్పక్కర్లేదు. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టిందే ఈ గాలిని నమ్ముకుని. మైదానంలో ఎర్రదుమ్ము పడమటి నుంచి తూర్పుకు పరుచుకుంటూ పోతుంది. గాలికి ఎదురుగా గోల్‌కీపర్ బంతిని ఎత్తి కొడితే అది సగం మైదానం కూడా దాటకుండా గాల్లోనే ఆగినట్టై వెనక్కి వాలుతుంది. గాలి వాలున కొడితే అటు గోల్ లైన్ కూడా దాటి కంపచెట్లలో పడుతుంది. అందుకే నోట్‌బుక్‌లో మొదటి కాలమ్ గాలిది. ఏ సగంలో ఎవరికి అనుకూలం, టాస్ గెలిచి ఏ వైపు తీసుకున్నారు, అన్నీ రాస్తున్నాను. ఇక్కడ ఆ సంగతి రాయకుండా స్కోరు రాస్తే సగం విషయం పోయినట్టే.

ఇప్పుడున్న కోచ్ ఈ గాలికి చేసిన పని ఒకటి చూశాను. గోల్ కిక్ ఎత్తి కొట్టొద్దన్నాడు. ఇద్దరు సెంటర్ బ్యాక్‌లను పెనాల్టీ బాక్స్ రెండు మూలలకు పంపించాడు, మా వాడిని టచ్ లైన్ మీదికి జరిపాడు. కీపర్ నేల మీదే చిన్న పాస్ ఇస్తాడు. మొదట్లో బంతి పోగొట్టుకుని గోల్స్ ఇచ్చుకున్నారు. కోచ్ కేకలు వేయలేదు. అదే కిక్ మళ్లీ పెట్టించాడు. కాసేపటికి మా వాడు బంతి రాకముందే తల తిప్పి వెనక ఎవరున్నారో చూసుకోవడం మొదలుపెట్టాడు. పద్నాలుగేళ్లు నిండని పిల్లాడు తల తిప్పి చూడటం ఏ పాయింట్ల పట్టికలోనూ కనబడదు. కోచింగ్ అంటే నాకు ఆ తల తిప్పడమే.

అయితే ఆ చిన్న పాస్ ఎడమకాలితో తీసుకోవడం వాడికి ముందే వచ్చు. అది పాత సార్ నేర్పింది. ఈయన గెలుపుల్లో ఆయన పని ఉంది. షీట్‌లో ఆ వాటా ఎలా రాయాలన్నదే ఇప్పుడు నా ముందున్న కష్టమైన ప్రశ్న. అలెక్స్ ఫెర్గూసన్ 1986 నవంబర్ నుంచి 2013 మే వరకు యునైటెడ్‌ను నడిపాడు, 13 లీగ్ టైటిళ్లు. 1989-90లో 13వ స్థానంలో ముగించినా ఉంచుకున్నారు. ఆఖరి సీజన్ 89 పాయింట్లు. తర్వాత వచ్చిన డేవిడ్ మోయెస్‌ను ఏప్రిల్‌లో తీసేశారు, ఆ సీజన్ జట్టుకు 64. ఈ 25 పాయింట్ల తేడాను అదృష్టం ఖాతాలో వేయలేం, అంత పెద్దది. కానీ అదే వేసవిలో పాల్ స్కోల్స్ రిటైరయ్యాడు, చీఫ్ ఎగ్జిక్యూటివ్ డేవిడ్ గిల్ తప్పుకున్నాడు, డిఫెన్స్ వయసు మీరింది. ఒకరు పెట్టిన జట్టుతో ఇంకొకరి పేరు తూచడం ఎంత అన్యాయమో అక్కడా ఇక్కడా ఒకటే.

ఆగస్టు

హైదరాబాద్ ఎఫ్‌సీని వదిలేసి ఈ పని పూర్తి చేయలేను. తెలుగువాళ్లకు ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్)లో 2019లో దక్కిన జట్టు అది.

మొదటి సీజన్ 2019-20లో 18 మ్యాచ్‌ల్లో 10 పాయింట్లు, అట్టడుగు. తర్వాత స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ వచ్చాడు. 20 మ్యాచ్‌ల సీజన్లలో వరసగా 29, 38, 42 పాయింట్లు. 2022 మార్చిలో గోవాలో జరిగిన ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి చాంపియన్. 2023లో మార్కెజ్ ఎఫ్‌సీ గోవాకు వెళ్లాడు. ఆ సీజన్‌లో హైదరాబాద్‌కు 22 మ్యాచ్‌ల్లో ఒకే గెలుపు, 8 పాయింట్లు. గోవా అంతకుముందు 20 మ్యాచ్‌ల్లో 27తో 7వ స్థానం, మార్కెజ్ వచ్చాక 22 మ్యాచ్‌ల్లో 45తో 3వ స్థానం.

పైకి చూస్తే ఇంతకన్నా మంచి ప్రయోగం ఉండదు. మనిషి ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లాడు, పాయింట్లు కూడా వెంట వెళ్లాయి. కానీ హైదరాబాద్ నుంచి వెళ్లింది మార్కెజ్ ఒక్కడే కాదు. క్లబ్ డబ్బు ఇబ్బందుల్లో పడింది, విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు, సీజన్ మధ్యలో మనవాళ్లు కూడా చాలామంది వేరే క్లబ్బులకు చేరారు. కోచ్ తాంగ్‌బోయ్ సింగ్టో కుర్రాళ్లతో మైదానంలోకి దిగాల్సి వచ్చింది. ఆ 8 పాయింట్లు సింగ్టో పేరు పక్కన రాసి ఆయన్ని తూచడం ఘోరం. అటు గోవా ఆ వేసవిలోనే సందేశ్ ఝింగన్‌తో పాటు అనుభవజ్ఞులను తీసుకుంది. డబ్బు, కోచ్ ఒకే దిక్కుకు కదిలితే రెంటినీ విడదీయలేం.

అయినా మార్కెజ్ విషయంలో నా నమ్మకం గట్టిగానే ఉంది. రెండు వేర్వేరు జట్లతో, సీజన్ తర్వాత సీజన్. ఆటగాళ్లు మారినా ఫలితం నిలబడితే అప్పుడు కోచ్ పేరు నమ్మకంగా చెప్పొచ్చు. ఆ పరీక్షలో మన దేశంలో సయ్యద్ అబ్దుల్ రహీమ్‌కు సాటి ఎవరూ లేరు. వృత్తికి బడిపంతులు. ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టుతో 1951 ఆసియా క్రీడల స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో 4వ స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మళ్లీ స్వర్ణం. పదకొండేళ్లలో ఆటగాళ్లు దాదాపు అందరూ మారారు. హైదరాబాద్‌లో ఆయన డ్రిబ్లింగ్ చేయకూడదన్న షరతుతో పోటీలు పెట్టించాడు, పిల్లలు తప్పనిసరిగా పాస్ చేయడం నేర్చుకోవాలని.

జకార్తాలో మొదటి మ్యాచ్ దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడారు. థాయ్‌లాండ్ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. సెమీఫైనల్ నుంచి రహీమ్ అతన్ని ఫార్వర్డ్‌గా ఆడించాడు. ఫైనల్లో అదే కొరియాను 2-1తో ఓడించారు, ఒక గోల్ పీకే బెనర్జీది, రెండోది జర్నైల్‌ది. ఏడాది తిరగకుండానే రహీమ్ కన్నుమూశాడు. భారత్‌కు ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మళ్లీ రాలేదు.

ఇప్పుడు ఎక్కడున్నాం

మొన్న ఆదివారం మ్యాచ్ అయ్యాక ఉగ్గాని బజ్జీల దగ్గర జట్టు పెద్దలకు లాప్‌టాప్ తెరిచి చూపించాను. ఎఫ్9 వాళ్లే నొక్కారు. ఒక పెద్దాయన సూటిగా అడిగాడు, "సరే సార్. మంచి కోచో కాదో తెలుసుకోవాలంటే ఎన్ని మ్యాచ్‌లు ఆగాలప్పా?"

లెక్క చెప్పాను. ఒక కోచ్ మ్యాచ్‌కు 0.2 పాయింట్లు అదనంగా తెస్తాడనుకుందాం. ప్రీమియర్ లీగ్‌లో అది సీజన్‌కు ఏడెనిమిది పాయింట్లు, చాలా మంచి కోచ్. ఆ 0.2 అదృష్టం కాదని కాస్త ధైర్యంగా చెప్పాలంటే 170కి పైగా మ్యాచ్‌లు కావాలి, అంటే నాలుగున్నర సీజన్లు.

"అన్ని మ్యాచ్‌లయ్యేసరికి మా పిల్లోళ్లకు పెండ్లిండ్లయితాయి" అన్నాడాయన. నిజమే. జిల్లా లీగ్‌లో ఫలితాలు చూసి కోచ్‌ను తూచడం కుదిరే పని కాదు. అందుకే ఫలితాలకు బదులు ప్రాక్టీస్‌ను చూడమని అడిగాను. పిల్లలు క్యూలో నిలబడి ఎదురుచూసే సమయం ఎంత, బంతి కాలికి తగిలే సమయం ఎంత? పోయిన నెల రానిది ఈ నెల వచ్చిందా? ఓడిన మ్యాచ్‌లో కూడా కీపర్ నుంచి బంతి నేల మీద బయటికి వస్తోందా? ఇవి చూడటానికి నాలుగు సీజన్లు అక్కర్లేదు, వారానికి ఒక సాయంత్రం గట్టు మీద కూర్చుంటే చాలు.

వాళ్లు ఒకటి ఒప్పుకున్నారు. వచ్చే సీజన్ పూర్తయ్యేదాకా కోచ్‌ను కదిలించరు. పాత సార్ చిన్నపిల్లల బ్యాచ్ చూసుకోవడానికి వస్తాడేమో అడిగి చూస్తామన్నారు. నేనూ వెళ్లి అడుగుతాను.

షీట్‌లో మిగిలిన పని: జీతాల కాలమ్, తాత్కాలిక కోచ్‌ల మ్యాచ్‌లు, గుంటలో పడినా కోచ్‌ను మార్చని జట్ల జాబితా ఇంకా వెనక్కి, 1990ల దాకా. ఐఎస్ఎల్ సీజన్లు కూడా ఇదే అచ్చులో పెట్టాలి. మైదానం నోట్‌బుక్‌లో క్యూ సమయానికి కొత్త కాలమ్ గీశాం. స్టాప్‌వాచ్ మేనల్లుడి చేతికి ఇవ్వలేను, వాడు ఆడాలి. అక్కను అడిగాను, సరేనంది.